ఏడాది చాలు

విరుదునగర్‌లోని చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రాజమ్మాళ్‌ది పదేళ్ల ఉద్యోగం. చెప్పులు విడిచి, కుర్చీలోనే మఠం వేసుకుని, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంటుంది. చింపిన క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసుకోందే కీబోర్డు ముట్టదు. అసలు తేదీ ఎవరికీ తెలియక, బడిలో చేర్చిన రోజు పంతులు వేసిన జూన్ ఒకటే ఆమె పుట్టినరోజు. ఏటా ఆ రోజు ఆఫీసువాళ్ళు కేకు తెస్తే నవ్వి ఊరుకుంటుంది.

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఆమె రాసిన డేటాబేసు ఫంక్షన్ అనే ప్రోగ్రాము ముక్క, పుట్టిన రోజు, నెల, ఏడాది మూడూ ఉంటేనే కార్మికుల వివరాలు తీసుకునేది. అక్కడ పనిచేసే ముత్తుప్పేచ్చి ఆధార్ కార్డులో ఏడాది ఒక్కటే ఉంది. వివరాలు చేరకపోతే సోమవారం నుంచి ఆమెను పనికి తీసుకెళ్ళే ఫ్యాక్టరీ వ్యానులోకి రానివ్వరు. "ఏదో ఒక దేదీ చెప్పమంటారు తల్లీ. నాకు పుట్టిన వరుసం మట్టుకే తెలుసు. లేనిది ఎట్ల చెప్పేది?" అంది ముత్తుప్పేచ్చి ఫోనులో. "ఏమీ చెప్పొద్దక్కా, కొంచెం ఉండు" అంది రాజమ్మాళ్. తేదీ ఎలా ఉండాలన్న నియమాన్ని ఫంక్షన్‌లోంచి తీసి సెట్టింగుల పట్టికలో పెట్టింది. ఇక ఏ ఫ్యాక్టరీ పద్ధతి ఆ ఫ్యాక్టరీది. కోవిల్‌పట్టికి ఏడాది చాలునని మార్చింది. తప్పు తేదీని ఇంకా పట్టుకుంటుందో లేదోనని పదమూడో నెల వేసి చూస్తే ఫంక్షన్ మునుపటిలాగే తిప్పికొట్టింది. ముత్తుప్పేచ్చిని మాత్రం తీసుకుంది. ఆ మాట చెబితే అవతల పెద్ద నిట్టూర్పు. "అబద్దం చెప్పే పని తప్పె తల్లీ."

ఫోను పెట్టేశాక, పరీక్ష కోసం ఉంచుకున్న డేటాబేసు కాపీలో, నమూనాగా ఎక్కించుకున్న తన వివరాలు రాజమ్మాళ్ తెరిచింది. జూన్ ఒకటి చెరిపి, ఏడాది ఉంచింది. ఫంక్షన్ మారుమాట లేకుండా తీసుకుంది.