పోశన్న కాక పరిచిన తువ్వాల

మొన్న సాయంత్రం వానకు సిరొంచ బస్టాండులో ఆగిపోయాను. బెంచీ కింద ముడుచుకున్న కుక్క దగ్గర నుంచి తడి బొచ్చు వాసన వచ్చింది. పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం పాతగూడెం, ఇంద్రావతి ఒడ్డు, మోతి అనే కుక్క, దానికి 'ఉండు' అంటే ఉండడం నేర్పిన పోశన్న కాక గుర్తొచ్చారు.

పాతగూడెంలో నర్సుగా చేరినప్పుడు ఆయన ఇంటి పక్క గదిలో అద్దెకు దిగాను. చేపలు పట్టే మనిషి. భార్య పోయాక ఒంటరిగా ఉండేవాడు. నా కూతురు అప్పటికి చిన్నది, అంకిసలో మా అమ్మ దగ్గర పెరిగేది. సెలవు దొరికినప్పుడు వెళ్లి, అది నిద్రపోయాక చప్పుడు కాకుండా బస్సెక్కేదాన్ని. పిల్లను ఏడిపించకుండా బయటపడడానికి తల్లులందరూ చేసే పనే కదా అనుకునేదాన్ని.

కాక అంతకు ముందు పెంచిన కుక్క పడవ వెనకే ఏట్లోకి దూకి, వరదకు కొట్టుకుపోయిందట. అందుకే మోతి కాస్త పెద్దదవగానే పాఠం మొదలుపెట్టాడు. భుజం మీది తువ్వాల ఇసుకలో పరిచి, దాని మీద కూర్చోబెట్టి "ఉండు" అనేవాడు. ఒక్క అడుగు వెనక్కి వేసి, తిరిగొచ్చి, తల నిమిరి, తువ్వాల తీసేవాడు. తువ్వాల తీస్తే మోతికి విడుదల. కొన్నాళ్లకు ఆ అడుగు పడవ దాకా సాగింది. మధ్యలో మోతి లేచి పరుగెత్తుకొస్తే కొట్టేవాడు కాదు. "నేనే జల్ది పడ్డ" అని మళ్లీ ఒక్క అడుగుతో మొదలుపెట్టేవాడు.

"ఎందుకు కాకా ఇంత తిప్పలు? అక్కడ్నించే పిలిస్తే ఉరికొస్తది గద!" అన్నాను ఒకరోజు నవ్వుతూ.

"పిలిస్తే అదొచ్చినట్టు బిడ్డా, నేనొచ్చినట్టు కాదు. ఉండుడు దాని పని. మల్ల వచ్చుడు నా పని. నేను వస్తనని నమ్మితేనే అది ఉంటది." తువ్వాల దులుపుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "నువ్వు గూడ పోరి నిద్రపోయినంక దొంగలెక్క పోకు. చెప్పి పో. చెప్పిన పొద్దుకు రా."

నాకు చాలా కోపం వచ్చింది. అయినా తర్వాతిసారి అంకిస నుంచి నా కూతురికి చెప్పే బయలుదేరాను. బస్సు మలుపు తిరిగేదాకా దాని ఏడుపు వినిపించింది. చెప్పిన రోజుకు వెళ్లాను. కొన్ని నెలలకు అది గడపలో నిలబడి చెయ్యి ఊపడం నేర్చుకుంది.

తర్వాత కాకకు కడుపులో గడ్డ తేలింది. గడ్చిరోలి పెద్ద దవాఖానకు పంపడానికి జీపు మాట్లాడాను. జీపు దగ్గర మోతి నేల వాసన చూసి, అలవాటుగా కూర్చుని తువ్వాల కోసం ఎదురుచూసింది. కాక భుజం మీది తువ్వాలను పిడికిట్లో పట్టుకున్నాడు గానీ పరచలేదు.

"ఉండుమని చెప్పు కాకా. నాలుగు రోజుల్ల మంచిగై వస్తవ్," అన్నాను.

ఆయన నన్ను చూసి నవ్వాడు. "నువ్వు నాకు చెప్పినట్టు నేను దానికి చెప్పలేను బిడ్డా."

జీపు కదిలింది. మోతి వంతెన దాకా ఉరికి, నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చింది. కాక తిరిగి రాలేదు. ఎవరూ ఉండమనకపోయినా అది తువ్వాల పరిచే చోటికే పోయి కూర్చునేది. రోజూ సాయంత్రం అన్నం పట్టుకెళ్లేదాన్ని. నా అడుగుల చప్పుడుకు తలెత్తి, కాక కాదని చూసుకుని, మళ్లీ ఏటివైపు తిరిగేది. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని. అయినా ఒక్కరోజు కూడా దానికి 'ఉండు, రేపొస్తా' అని చెప్పకుండా రాలేదు. ఆ చలికాలంలో మోతి పోయేదాకా మాట తప్పలేదు.

ఇప్పుడు నా కూతురే ఉద్యోగానికి పోయేటప్పుడు నాకు చెప్పి పోతుంది. నేను మాత్రం ఎవరినైనా ఉండమనాలంటే ముందు ఆగుతాను. తిరిగి రాగలనా అని నన్ను నేను అడుగుతాను. రాగలననుకుంటేనే ఆ మాట అంటాను.