వైర్లు పీకేసిన స్పీకర్

నేను దయ్యాలను నమ్మను. సారపాకలో మా ఇంటి ముందు గదిలో ఆంప్లిఫయర్లు బాగు చేస్తాను. పెట్టె గుర్రుమన్నా, కీచుమన్నా ఏదో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఆ ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం ఏ లెక్కలో వేయాలో తెలియడం లేదు.

రమేష్‌ది చర్ల అవతల అడవిలో ఒక కోయ పల్లె. పెళ్లిళ్లలో గిటార్ వాయిస్తాడు. బీడీలు చుట్టే తునికాకు కోసే ఎండాకాలం రోజుల్లో తన గిటార్ ఆంప్లిఫయర్ బండి వెనక కట్టుకుని వచ్చాడు. ట్రాన్సిస్టర్లతో నడిచే మామూలు పెట్టె.

“వాయిస్తాంటే ఉన్నట్టుండి సౌండ్ పడిపోతాందక్కా. నెత్తి మీద ఒక్కటిస్తే మళ్లొస్తాంది,” అని చెప్పి, టీ తాగి వస్తానని సెంటర్‌కు వెళ్లాడు.

కొడితే వస్తోందంటే ఎక్కడో కాంటాక్టు వదులైనట్టే. వెనక మూత విప్పాను. గిటార్ వైరు గుచ్చే సాకెట్ లోపల నలుపు పట్టి ఉంది, శుభ్రం చేశాను. ఒకచోట టంకం పగిలింది, మళ్లీ వేశాను. జాగ్రత్త కోసం లైనులో ఒక బల్బు పెట్టి స్విచ్ వేశాను. బల్బు వెలిగి, వెంటనే మసకబారింది. అంటే షార్ట్ ఏమీ లేదు.

అప్పుడు స్పీకర్‌లో ఎవరో మూలిగారు.

ఆడగొంతు. ఆ వెనకే మాటలు. కోయ భాష అని తెలుస్తోంది కానీ నాకు రాదు. గిటార్ లేదు, సాకెట్‌లో ఏ వైరూ లేదు. అయినా భయపడలేదు. రేడియోలు, వైర్‌లెస్సులు ఆంప్లిఫయర్లలోకి దూరడం నాకు కొత్త కాదు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించాను. గొంతు తగ్గలేదు. స్విచ్ ఆపి ప్లగ్గు పీకేశాను. కెపాసిటర్లలో కాస్త కరెంటు మిగిలి ఉంటుందిలే అని చూస్తూ కూర్చున్నాను. పెట్టె మీది చిన్న లైటు ఆరిపోయింది. గొంతు ఆగలేదు.

చివరికి స్పీకర్ వైర్లు కూడా ఊడబీకాను. ఇప్పుడది ఉత్త కాగితపు గరాటు, వెనక ఒక అయస్కాంతం. ఆ కాగితం నా కళ్లముందే వణుకుతోంది. వేలు ఆనించాను. మాట్లాడే మనిషి గొంతు మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. వెచ్చగా కూడా ఉంది.

చెయ్యి లాక్కున్నాను. కేక కూడా వేయకుండా వెనక్కి జరిగాను.

రమేష్ అప్పుడే వచ్చి గడపలో నిలబడిపోయాడు.

“గిది మా అమ్మ గొంతక్కా.”

“ఏమంటాంది?”

“ఎర్రబండల కాడ ఎండిన వాగుల పడ్డదట. కాలిరిగిందట. నీళ్లు, నీళ్లు అంటాంది.”

ఊరికి ఫోన్ చేశాడు. ఆ పల్లెలో సిగ్నల్ సరిగా ఉండదు, కలవలేదు. వెంటనే బండి తీశాడు. ఆ పెట్టెతో ఒంటరిగా ఉండలేక నేను వాకిట్లో ఎండలో నిలబడ్డాను. లోపల గొంతు సన్నబడుతూ, సన్నబడుతూ ఆగిపోయింది. ఆగినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

మర్నాడు రమేష్ భద్రాచలం దవాఖానా నుంచి ఫోన్ చేశాడు. తునికాకుకు పోయిన తల్లి ఎర్రబండల దగ్గర ఎండిన వాగులోనే దొరికింది. కాలు విరిగింది కానీ ప్రాణానికి భయం లేదు.

ఆ రోజే చూడటానికి వెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని పడుకుంది.

“పానం ఎట్లుందమ్మా?” అన్నాను.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. గోడవైపు జరిగి, కొడుకు చెయ్యి పట్టుకుని, కోయలో గబగబా ఏదో చెప్పింది. రమేష్ నన్ను ఎగాదిగా చూశాడు.

“అక్కా, నిన్న ఆ పెట్టెల మీరేమన్న మాట్లాడిండ్రా?”

“లేదు. నోరే తెరవలే.”

“పడ్డకాన్నుంచి ఎవరో ఆడమనిషి పక్కన కూసొని మాట్లాడిందట. మనిషి కనపడలేదట. గా గొంతు మీదేనంటాంది.”

“నాకు కోయ రాదు కదా రమేష్. ఏం మాట్లాడిననట?”

అతను తల్లిని అడిగాడు. ఆమె నా వైపు చూడకుండా చాలాసేపు చెప్పింది. వింటూ వింటూ అతను తల దించుకున్నాడు.

“వద్దక్కా,” అన్నాడు. “ఇగ మీరు పోండ్రి.”

ఆంప్లిఫయర్ కోసం రమేష్ మళ్లీ రాలేదు, వేరే మనిషిని పంపాడు. అది బాగానే పనిచేస్తోందట. నాకు దొరికిన లోపాలేవీ నేను విన్నదానికి కారణం కావు. అసలు కారణం నాకు ఈ రోజుకీ దొరకలేదు. ఆ వాగులో నా గొంతు ఆమెతో ఏం చెప్పిందో కనుక్కోవచ్చు, రమేష్ నంబరు నా దగ్గరే ఉంది. ఫోన్ చేయడానికి ధైర్యం చాలడం లేదు.