ఆ పిల్లలు ఎటు పోయిన్రు

మట్టెవాడల ఒక మాట తిరుగుతాంది. యాకమ్మ ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడిగితే పాస్టర్ భానుచందర్ అయ్యగారికి మూడు దినాలు నోరు పెగల్లేదట. చూసినం అన్నోళ్లు ఇంతవరకు ఒక్కలు దొర్కలే. ఆ ఆదివారం చర్చిల నూట ఇరవై మంది ఉన్నరు.

యాకమ్మది మిరపకాయలకు తొడిమెలు తీసే పని, ఎనుమాముల మార్కెట్ పక్కన ఒక షెడ్డుల. దేవుడు మనిషికి ఇన్ని అని రాసిచ్చిన తుమ్ములన్నీ మొదటి ఏడాదే తుమ్మేసింది, ఇగ రావు. చదువు రాదు. చిన్న స్పీకర్ల మెమరీ కార్డు ఏసుకొని బైబిల్ ఇనుకుంట పని చేస్తది. ఆదికాండం నుంచి ప్రకటన దాక ఆరుసార్లు అయింది. ఎదురుంగ కూసునే హలీమాబీ గూడ ఆరుసార్లు ఇన్నది, ఇంకో దారి లేక.

యాకమ్మ పెనిమిటి పోశయ్య మార్కెట్ల హమాలీ. బాప్తిస్మం తీసుకోలే. ఆదివారం ఆదివారం ఆమెను బండి మీద దింపి, ప్రార్థన అయ్యేదాక చర్చి గేటు కాడి బండ మీద కూసుంటడు. పాతికేండ్లకు ఆ బండ పోశయ్య తీరుకు గుంట పడ్డది. ఇంకొకలు కూసుంటే కుదరదు.

కొత్తగ వచ్చిన భానుచందర్ అయ్యగారు ఒకనాడు ఎజ్రా గ్రంథం తీసిండు. చెర నుంచి యెరూషలేముకు తిరిగొచ్చిన యూదులు, అన్యజాతి భార్యలను పిల్లలతోని సహా పంపించేసిన కథ చెప్పిండు. చెప్పి, వచ్చే నెల నుంచి ఇంట్ల బాప్తిస్మం లేని మొగుడో పెండ్లామో ఉన్నోళ్లకు ప్రభువు బల్ల కాడ రొట్టె లేదన్నడు.

యాకమ్మ పానం ఉసూరుమన్నది. నెలకొకసారి దొరికే ఆ గోరంత ముక్క కోసం చికున్‌గున్యాల గూడ పాక్కుంట వచ్చిన మనిషి ఆమె.

ఇంటికి పోయి, బాప్తిస్మం తీసుకుంటవా అని పోశయ్యను అడిగింది.

"మునుగుమంటే మునుగుత. నీళ్లే గదా, నాకేం పోతది. గని మేడారం జాతరకు పోవుడు బంద్ పెట్ట," అన్నడు పోశయ్య.

"రెండూ నడవయట."

"ఎవలకు నడవయట? సమ్మక్క తల్లి నన్నేం అనలే."

మరునాడు షెడ్డుల ఎజ్రానే మల్ల మల్ల ఏసింది. నాలుగోసారికి హలీమాబీ చేతిల కాయ పక్కకు పెట్టింది.

"గది గాదే యాకమ్మ, తల్లులను పంపిన్రు సరే. ఆ పిల్లలు ఎటు పోయిన్రు?"

"చెప్తడు, జర ఆగు."

ఆగిన్రు. చెప్పలే.

నెల తిరిగింది. బల్లకు ముందు సాక్ష్యాలు ఉంటయి. దేవుడు చేసిన మేలు గురించి ఎవలన్న లేశి చెప్పొచ్చు. కొత్త కట్టడి పెట్టినప్పుడు అయ్యగారు ఈ సంగతి సోంచాయించలే. యాకమ్మ కొంగు నెత్తిన ఏసుకొని మైకు అందుకున్నది.

"వందనాలు అయ్యగారు. మోయాబోళ్లు పది తరాలదాక సమాజంల అడుగు పెట్టొద్దని ఒకకాడ ఉన్నది. రూతు మోయాబు పిల్లనే. దావీదు రాజు ఆమెకు మునిమనుమడు. మరి ఆయనను గేటు కాడ ఆపాల్నా?"

అయ్యగారు తడబడలే. చదువుకున్న మనిషి. "రూతు అత్త దేవుణ్ణే తన దేవుడనుకొని వచ్చిందమ్మా. మారి వచ్చింది. మీ ఆయన మారిండా?"

నిజమే, రూతు మారింది, పోశయ్య మారలే. యాకమ్మ మైకు ఇచ్చేద్దామని చెయ్యి చాపింది గూడ. చాపిన చెయ్యిని మల్ల దగ్గరికి తీసుకున్నది.

"ఇంకొక్కటి అయ్యగారు. ఎజ్రాల పంపించేసిన పిల్లలు ఎటు పోయిన్రు?"

అయ్యగారు బైబిల్ తెరిచిండు. ఆఖరి అధ్యాయంల ఆ మొగోళ్ల పేర్లే బారెడు ఉన్నయి. ఏలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంట దిగిండు. దిగంగ దిగంగ గ్రంథమే అయిపోయింది. పేజీ తిప్పితే నెహెమ్యా మొదలైంది. మల్ల ఎనుకకు తిప్పిండు. ఆయన ఎతికినంతసేపట్ల బయట రెండు ములుగు బస్సులు పోయినయంటరు.

"రాసి లేదమ్మా," అన్నడు ఆఖరికి.

"మా హలీమాబీ అడిగింది. ఆమెకేం చెప్పాలె?"

అయ్యగారు బైబిల్ మూసిండు. ఆ దినం రొట్టె పళ్లెం యాకమ్మ ముందట కొంచెంసేపు ఆగింది, ఆగి ముక్క ఇచ్చింది. కట్టడి తీసేసిన అని ఆయన అనలే. ఉన్నదని గూడ అనలే.

మట్టెవాడ ఆడోళ్లు ఊకుంటరా? నల్లా కాడ యాకమ్మను ఆపిన్రు. "అయ్యగారిని నిలబెట్టి అడిగినవట గదా?"

"ఎవలన్నరు? ఆయన నాకు కొడుకసుంటోడు. నేనేం అడగలే, ఆయనేం ఎతకలే. ఆ ఆదివారం నేను చర్చికే పోలే, షెడ్డుల పనికి పోయిన."

"ఆదివారం షెడ్డు బందే గదనే."

"నాకోసం తెరిచిన్రు," అన్నది యాకమ్మ బిందె ఎత్తుకుంట. "చదువు రానిదాన్ని. ఎజ్రా ఎవలో, రూతు ఎవలో, నాకేం ఎరుక?"