వినపడని అంకె

నిన్న మా సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్ తలుపు మార్చడానికి వడ్రంగి వచ్చాడు. జేబులోంచి టేపు తీసి, బారెడు లాగి, కొలత చూసుకుని వదిలేశాడు. ఆ స్టీలు పట్టీ సర్రున లోపలికి పోయి టక్కుమని ఆగిన చప్పుడుకు నా చేతిలో టీ తొణికింది. చప్పుళ్ళకు ఉలిక్కిపడే పిరికిదాన్ని కాను నేను. కానీ అలాంటి టేపు ముక్కలు పట్టుకుని దేశదేశాల వాళ్ళను పలకరించిన మనిషి దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన గురించి రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. తలుపు బిగించేసరికి కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మార్టూరుకీ అద్దంకికీ మధ్య, మిరప చేల నడుమ ఉన్న ఈ సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటరుగా చేరేనాటికి మస్తాన్‌రావు గారు షిఫ్ట్ ఇన్‌చార్జి. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకు యాభై దాటాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. గేటు దగ్గర నిలబడి "ఒరేయ్" అంటే యార్డు చివర గడ్డి కోసేవాడు పలికేవాడు. ఎప్పుడో బ్రేకరు పేలినప్పుడు ఆయన ఎడమ చెవి పోయింది. కుడి చెవి కూడా ఏటేటా కాస్త కాస్త సెలవు పెడుతోందని ఆయనే నవ్వేవారు. అలాంటి మనిషికి హామ్ రేడియో పిచ్చి. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియోతో ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడే సరదా అది. చెవులు సరిగా లేని మనిషికి ఈ సరదా ఏమిటని మొదట్లో చాటుగా నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సబ్‌స్టేషన్ చుట్టుపక్కల రేడియో పెడితే ఒకటే రొద. అందుకని రాత్రి షిఫ్టు దిగిన పొద్దున ఆయన అరమైలు నడిచి మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలోకి వెళ్ళేవారు. చేరిన రెండో నెలలో, చూద్దామని నేనూ వెనకే వెళ్ళాను. సంచిలోంచి ఒక పి.వి.సి. గొట్టం తీశారు. దానికి అడ్డంగా స్టీలు టేపు ముక్కలు బిగించి ఉన్నాయి. అదే యాంటెనా. మిరపకాయల ఘాటుకు నేను తుమ్ముతూనే ఉన్నాను. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళలో ఒకామె అరిచింది.

"ఏమండీ మస్తాన్‌రావు గారూ, ఆ దువ్వెనతో ఎవరికండీ తల దువ్వేది?"

"మీ ఆయనకు మాత్రం కాదులేమ్మా, ఆయనకి జుట్టెక్కడిది!" అని అంతకంటే పెద్దగా అరిచారాయన. అందరూ ఘొల్లుమన్నారు.

అంతలో వాచీ చూసుకుని యాంటెనాను ఉత్తరానికి ఎత్తారు. వందల మైళ్ళ ఎత్తున బియ్యం డబ్బా అంత ఉపగ్రహం ఒకటి వస్తోందట. కిందినుంచి మన గొంతు అందుకుని మళ్ళీ కిందికి వదలడం దాని పని. అది మన ఆకాశంలో ఉండేది పది పన్నెండు నిమిషాలే. ఆ కాసేపట్లో దాని చూపు ఆనినంత మేర ఎవరున్నా సరే, పలకరించవచ్చు. మణికట్టు ఇటూ అటూ తిప్పుతూ, సన్నబడుతున్న గొంతును వెతికి పట్టుకుంటూ, కొలంబోలో ఒక డాక్టరుతో, మస్కట్‌లో ఒక ఇంజనీరుతో మాట్లాడారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ దూరం కాదు. ఆయన గొంతు. పక్కగదిలో పసిపిల్ల పడుకుని ఉన్నట్టు మాట్లాడుతున్నారు.

"ఇంత నెమ్మదిగానా సార్? మామూలుగా మీరు ఊరంతా వినపడతారుగా!" అన్నాను.

"పైన ఉంది ఒకటే దారి గదమ్మా సుజాతా. నేను మీద పడి అరిస్తే ఇంకో నలుగురు నోరు మూసుకోవాల. నా గొంతు పైకి పోయొచ్చి నా చెవిలోనే వినపడతా ఉంటది. పక్కోడి కంటే పెద్దగా వినపడిందంటే తప్పు నాదే."

ఆ రోజు నుంచి యాంటెనా పట్టుకునే పని నాది, మాట్లాడే పని ఆయనది. చెరో ఇయర్‌ఫోను పెట్టుకుని వినేవాళ్ళం. ఈ సరదాకు ఒక కట్టుబాటు ఉంది. ప్రతి లైసెన్సుదారుకూ కాల్‌సైన్ అని ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తులు ఇద్దరూ చెప్పుకోవాలి. ఎదుటివాడి గొంతు ఎంత బాగా అందిందో చెప్పే రెండంకెలు కూడా చెప్పుకోవాలి. ఇవన్నీ చెవులారా వింటేనే కలిసినట్టు లెక్క. మీరు విన్నారో లేదో చూడటానికి పక్కన ఎవరూ ఉండరు. మీ పుస్తకంలో మీరే రాసుకుంటారు.

మస్తాన్‌రావు గారికి ఒక తీరని కోరిక ఉండేది. హిందూ మహాసముద్రంలో ఎక్కడో కిందికి, మనుషులు కాపురం ఉండని ఒక దీవి. ఎన్నో ఏళ్ళకు ఒకసారి రేడియో వాళ్ళు కొందరు పడవలో వెళ్ళి వారం రోజులు అక్కడ డేరా వేస్తారు. అక్కడికీ మనకూ ఒకేసారి ఉపగ్రహం కనిపించేది రెండు నిమిషాలు. అదీ దక్షిణాన నేలబారుగా. ఇరవై ఏళ్ళలో ఆయన రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ఓడిపోయారు. మళ్ళీ అవకాశం వచ్చేలోపు చెవి ఉంటుందో ఉండదో అని ఆయన బెంగ.

నేను చేరిన నాలుగో ఏడు ఆ అవకాశం రానే వచ్చింది. దక్షిణాన చెట్టు కూడా అడ్డంలేని చోటు చూసుకుని కళ్ళం అంచున నిలబడ్డాం. ఆయన పిలిచారు. బరబరల మధ్య సన్నగా ఒక గొంతు ఆయన కాల్‌సైన్ పలికింది. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత అంకెలు వచ్చాయి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. నా వైపు చూశారు. నా చెవిలో స్పష్టంగానే పడ్డాయి. ఐదు వేళ్ళు చూపించాను, ఆ వెంటనే మూడు. ఆయన మైకులో "ఫైవ్ త్రీ, థాంక్యూ" అనేశారు. అంతే, ఉపగ్రహం దిగిపోయింది. ఆయన వేసిన కేకకు ఆడవాళ్ళు చేటలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు, పాము కనిపించిందేమోనని. ఇద్దరికీ మజ్జిగ పోశారు.

మూడో రోజుకల్లా దీవి వాళ్ళు పెట్టిన, తమను కలిసినవాళ్ళ జాబితాలో ఆయన కాల్‌సైన్ వచ్చింది. ఫోన్లే ఫోన్లు. నాలుగో రోజు ఆయన డ్యూటీకి వచ్చి, పుస్తకం తెరిచి, స్కేలు పెట్టి ఆ వరుసను ఎర్రసిరాతో కొట్టేశారు. పక్కన "రెండో అంకె నేను వినలేదు" అని రాశారు. తన పేరు తీసేయమని వాళ్ళకు ఉత్తరం కూడా పంపించేశారట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళే కలిశామని ఒప్పుకున్నాక మీకెందుకండీ ఈ చాదస్తం?"

"వాళ్ళు నన్ను విన్నారు, నిజమే. నేను వాళ్ళని పూర్తిగా వినలా. నీ వేళ్ళు చూసి అప్పజెప్పా."

"నేను విన్నానుగా సార్!"

"అదేగా నేను చెప్తంది! విన్నదానివి నువ్వు. రాసుకోవాల్సింది కూడా నువ్వే. పో, పరీక్షకు కట్టు."

రెండు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. మూడో రోజు పరీక్షకు కట్టాను. కంట్రోల్ రూమ్ నేల మీద సుద్దముక్కతో బొమ్మలు గీసి ఆయనే చెప్పారు. తప్పు చెబితే అరిచేవారు, ఒప్పు చెబితే ఇంకా గట్టిగా అరిచేవారు. పాసయ్యాను. లైసెన్సు చేతికి వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది, ఈలోపు ఆయన రిటైరై అద్దంకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మరో బృందం అదే దీవికి వెళుతోందని తెలిసింది. ఆ పొద్దున ఆయన సంచి భుజాన వేసుకుని బస్సు దిగారు. అప్పటికి కుడి చెవి కూడా దాదాపు పోయింది. "యాంటెనా నేను పట్టుకుంటా. నీ రెండు చేతులూ నీకే" అన్నారు. ఇయర్‌ఫోను నాకొక్కదానికే. ఆయన దిక్సూచినీ, నా ముఖాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డారు.

పిలిచాను. సముద్రం అవతలి నుంచి నా కాల్‌సైన్ నాకే వినిపించింది. మొదటి అంకె ఐదు. రెండోది బరబరలో కలిసిపోయింది. మూడో, నాలుగో అయి ఉంటుంది. ఏదో ఒకటి అనేసి థాంక్యూ చెబితే ఆ దీవి నాదే, అడిగేవాళ్ళు లేరు. నిజం చెబుతున్నాను, నోటిదాకా వచ్చింది. "మళ్ళీ చెప్పండి" అని ఇంగ్లీషులో అడిగాను. ఏదో వచ్చింది, విరిగిపోయింది. ఇంకోసారి అడిగాను. అప్పటికి అక్కడ హోరు తప్ప ఏమీ లేదు.

ఆయన ఏమైందని తల ఎగరేశారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా ఆయన చెవి దగ్గర అరిచాను. "అంకె వినపళ్ళేదు సార్! రెండుసార్లు అడిగాను. మునిగిపోయింది!"

ఆయన యాంటెనా దించారు. తర్వాత కళ్ళంలోని ఆడవాళ్ళ వైపు తిరిగి ఉన్న గొంతంతా తీశారు.

"చూశారా అమ్మా! ఇరవయ్యేళ్ళబట్టి నేను చెయ్యలేంది ఈ పిల్ల చేసింది!"

"అయితే ఆళ్ళతో మాట్లాడేసిందా అండీ?"

"లేదు! అదే నేను చెప్పేది!"

వాళ్ళకు ఏమీ అర్థంకాక నవ్వారు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ బరువు నాకు ఇంకా తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత చాలా దేశాల వాళ్ళతో మాట్లాడాను. ఆ దీవి మాత్రం దొరకలేదు. నా పుస్తకం చూడటానికి ఎవరైనా వస్తే ముందు ఆ అసంపూర్తి వరుసే చూపిస్తాను, గొప్పగానే చూపిస్తాను.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు మాకు ఫోన్ చేసి ఆ ఫీడరులో, అంటే ఇక్కడి నుంచి అటు ఊళ్ళకు పోయే లైనులో, కరెంటు ఆపిస్తాడు. పని అయి దిగాక మళ్ళీ ఫోన్ చేసి ఇమ్మంటాడు. పోయిన నెల ఈదురుగాలి రోజున రెండు ఫీడర్ల మీద మనుషులున్నారు. అందులో ఒకతను ఫోన్ చేసి "దిగాం మేడం, ఇచ్చెయ్యండి" అన్నాడు. ఏ ఫీడరో గాలిలో కొట్టుకుపోయింది. గొంతును బట్టి నాకు తెలుస్తూనే ఉంది. మళ్ళీ చెప్పమన్నాను. అతను చెప్పాడు, మళ్ళీ గాలి. మూడోసారి అడిగేసరికి అతనికి చిర్రెత్తుకొచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాల మేడం? చెవుడా ఏంది మీకు?"

"చెవుడే అనుకో. మళ్ళీ చెప్పు."

నాలుగోసారి అక్షరం అక్షరం విన్నాను. మొదట నేను అనుకున్న ఫీడరే అది. అప్పుడు లేచి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేశాను.