నిమ్మకాయ మీద గోటిగాటు

మీరు నిమ్మకాయల పిన్నిని ఒక్కసారైనా కలిసి తీరాలి. ఆవిడ పనిచేసే, నాలుగు వందల మంది భోంచేసే ఆఫీసు క్యాంటీన్‌లో వంటవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కానీ, నిమ్మకాయల సంగతి మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఆవిడదే. చేపముక్క పక్కన పెట్టే నిమ్మచెక్క, సలాడ్ మీద పిండే రసం, ఎండాకాలం గ్లాసుల్లో పోసే నిమ్మనీళ్ళు, అన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్ళాల్సిందే.

అసలు మార్కెట్‌లో చూడాలి ఆవిణ్ణి. నిమ్మకాయలమ్మే ముసలాయన తన రాశి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. కాయ గిల్లి వాసన చూసేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. తనే ఏరి సంచిలో పోస్తాడు. పిన్ని వస్తే మాత్రం పక్కకి జరిగి స్టూలు వేస్తాడు. ఆవిడ ఒక్కో కాయనీ అరచేతిలో వేసుకుని బరువు చూస్తుంది, బొటనవేలితో మెల్లగా ఒత్తుతుంది. చూపుకి పెద్దగా ఉండి చేతికి తేలిగ్గా తగిలితే అదంతా తొక్కే. నున్నగా, పలచగా ఉండి వేలి కింద కాస్త లొంగిందా, బుట్టలోకి. "రంగు చూసి కొన్నారంటే, పిండేటప్పుడు నీళ్ళు మీ కళ్ళలోంచి రావాలి తప్ప కాయలోంచి రావు" అని పక్కవాళ్ళకి ఉచితంగా ఓ సలహా కూడా పడేస్తుంది.

కొయ్యడంలోనూ అంతే. ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి, పలక మీద అరచేత్తో నాలుగుసార్లు దొర్లిస్తుంది. అందరిలా నడిమికి కొయ్యదు. ముచ్చిక పైకి పెట్టి, మధ్యలో ఉండే తెల్లటి ఈనెని వదిలేసి, దాని పక్కనుంచి చెక్కలు తీస్తుంది. గింజలు చాలావరకు ఈనెతోనే ఉండిపోతాయి. మిగిలిన కాయల్ని తడి లేకుండా తుడిపించి, పొడిగుడ్డ పరిచిన డబ్బాల్లో పేర్పించి, మూత పెట్టిస్తుంది. మూడు వారాల తర్వాత తీసినా నవనవలాడుతుంటాయి.

అలాంటిది, ఆమధ్య వారం తిరక్కుండానే డబ్బాలు బూజు పట్టడం మొదలైంది. ప్రతి కుళ్ళుకాయ మీదా ఓ గోటిగాటు. తుడిచి పేర్చే పనికి రంగులక్క వచ్చి అప్పటికి నెలే అయింది. నలభై ఏళ్ళ మనిషి, పొడుగాటి గోళ్ళు, వాటికి ఎర్రెర్రటి రంగు. ఆ పేరు అందుకే వచ్చింది. మేనేజరు పిన్నిని పిలిచి, ఇది ఎవరి పని అని అడిగాడు.

"కాయల మీద గాట్లున్నాయి. గోళ్ళెవరికున్నాయో మీరే చూడండి" అంది పిన్ని. నిజంగా అలాగే నమ్మింది కూడా.

సోమవారం నుంచి రంగులక్క రానక్కర్లేదని మేనేజరు తేల్చేశాడు. మర్నాడు ఆమె గోళ్ళు మొదలంటా కత్తిరించుకుని వచ్చి, ఇంట్లో సంపాదించేది తనొక్కతేననీ, ఒక్కమాట సాయం చెయ్యమనీ పిన్నిని బతిమాలింది. పిన్ని మొహం తిప్పుకుంది. ఇరవై రెండేళ్ళలో తన డబ్బాలోంచి కుళ్ళువాసన రావడం అదే మొదలు మరి.

శుక్రవారం పొద్దున పిన్ని కొత్త కాయలు తెచ్చింది. రంగులక్క వాటిని తుడుస్తుంటే, ఎలా తుడుస్తుందో చూద్దామని ఎదురుగా నిలబడింది. ఆమె వేళ్ళకి గోరన్నదే లేదు. అయినా గుడ్డలోంచి పైకొచ్చిన కాయ మీద గాటుంది. పిన్ని దాన్ని లాక్కుని లైటు కిందికి తీసుకెళ్ళింది. గాటు మధ్యలో చిన్న ఖాళీ. రెండు ముక్కలైన గీతలా ఉంది. ఎప్పుడో కత్తి జారి పిన్ని బొటనగోరు సరిగ్గా నడిమికి చీలిపోయింది, ఆ చీలిక అలాగే ఉండిపోయింది. ఆ గోరుని గాటు మీద పెట్టి చూసింది. అతికినట్టు సరిపోయింది.

సాయంత్రం ఆ కాయని కొంగులో చుట్టుకుని ఇంటికెళ్ళింది. వాళ్ళాయన దర్జీ. మిషన్ దగ్గర కూర్చుని చొక్కా కుడుతున్నాడు. కళ్ళు మూసుకుంటాను, బొటనవేలి మీద ఓ గుండీ పెట్టండి అని అడిగింది. ఈ వయసులో ఈ ఆటలేంటే అని ఆయన నవ్వాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది.

"పెట్టరేం?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "పెట్టి చాలాసేపైందే."

షుగరు అదుపులో పెట్టుకోకపోతే వేళ్ళు మొద్దుబారతాయని డాక్టరు ఎప్పుడో హెచ్చరించాడు. కాయ లొంగిందీ లేనిదీ తెలియక, గోరు దిగేదాకా ఒత్తేస్తోందన్నమాట. ఈ సంగతి బయటపడితే ఏరడం పోతుంది, కత్తి పోతుంది, బహుశా ఉద్యోగమే పోతుంది. మెదలకుండా ఊరుకో, రెండ్రోజుల్లో ఆమె వెళ్ళిపోతుంది, నువ్వు కాస్త జాగ్రత్తగా ఒత్తు అని వాళ్ళాయన నచ్చజెప్పబోయాడు.

శనివారం పొద్దున్నే, పొయ్యిలు వెలిగించకముందే, వంటింట్లో అందరూ ఉండగా మేనేజర్ని పిలిపించింది.

"ఆ గాట్లు నావి. ఈమెవి కావు. నా వేళ్ళకి స్పర్శ పోయింది, నాకే నిన్న తెలిసింది. కత్తి కూడా ఇంక నాకివ్వకండి, వేలు తెగినా తెలీదు" అని, రంగులక్క వైపు తిరిగి, "తప్పు మాట అన్నానమ్మా నిన్ను" అంది.

మరి కాయలు ఎవరు ఏరతారు, ఎవరు కోస్తారు అని మేనేజరు అడిగాడు. రంగులక్క ఏరుతుంది, కోస్తుంది, నేర్పడానికి నాకు నెల రోజులు చాలు, ఆ తర్వాత నన్ను ఉంచుతారో పంపిస్తారో మీ ఇష్టం అంది పిన్ని.

రంగులక్క కళ్ళు తుడుచుకుంటూనే ఓ చురక వేసింది. "పెంచుకోడానికి ఆర్నెల్లు పట్టింది పిన్నీ ఆ గోళ్ళు. అవి తిరిగొచ్చేదాకా నన్ను ఒక్క మాట అనడానికి వీల్లేదు."

"అంటానే. కాయ తప్పుగా ఏరావో, గాటు పెట్టడానికి గోళ్ళు అక్కర్లేదు, నా నోరు చాలు" అంది పిన్ని. అప్పుడు అందరూ నవ్వారు.

నెల ఇంకా పూర్తవలేదు. పిన్ని పక్కన కూర్చుని చెబుతోంది, రంగులక్క చేస్తోంది. మేనేజరు ఏమీ తేల్చలేదు. వాళ్ళాయన మాత్రం ఇప్పటికీ అంటున్నాడు, ఆ రెండ్రోజులు ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదని. ఆ మాట నిజమే, ఎవరికీ తెలిసేది కాదు. మరి శుక్రవారం సాయంత్రం ఆ కాయ మీ కొంగులో ఉండుంటే, మీరైతే ఏం చేసేవాళ్ళు?