డాక్టరమ్మ అన్న నాలుగు ‘కమ్’లు

1968 వేసవిలో శృంగవరపుకోట దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఆపరేషన్ గది బాధ్యత థియేటర్ సిస్టరుది, అంటే అక్కడి పెద్ద నర్సుది. ఆవిడ సెలవులో ఉండటంతో చేరిన కొత్తలోనే నన్ను అక్కడ నిలబెట్టారు. సర్జన్ ఇంగ్లండు నుంచి వచ్చిన డాక్టరమ్మ, తెలుగు రాదు. రోగి మనుషులకు సంగతి చెప్పవలసింది థియేటర్ నర్సే. మందుల పేర్లు, పనిముట్ల పేర్లు ఇంగ్లీషులోనే నేర్చుకున్నాను కనుక నేను భయపడలేదు.

ఒక ఉదయం అప్పలనరసమ్మ అనే రైతు ఇంటి కోడల్ని ఎడ్లబండిలో తెచ్చారు. తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. ముక్కు మీద గుడ్డ తొడుగు పెట్టి, దానిపై ఈథరు చుక్కలు వేసి మత్తు ఇచ్చే రోజులవి. కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, వెంటనే ఏడ్చింది. తల్లి మాత్రం కదల్లేదు.

డాక్టరమ్మ గ్లోవ్స్ విప్పుతూ “ఇట్ కేమ్ ఆఫ్” అంది. ఊడి వచ్చిందంటే కుట్లేమోనని వంగి చూశాను. కట్టు చెక్కుచెదరలేదు. “షీ హాజంట్ కమ్ టు” అంది తర్వాత. ఎక్కడికి రాలేదు? మనిషి బల్ల మీదే ఉంది కదా! “టెల్ దెమ్ షీ విల్ కమ్ త్రూ” అనేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. కమ్ అంటే రావడమని బళ్ళో నేర్పారు. అది దాటి నాకేమీ తెలియలేదు.

వరండాలో భర్త సింహాచలం, అతని తల్లి లేచి నిలబడ్డారు. ఆడపిల్ల పుట్టింది, బాగుంది అన్నాను.

“పిల్ల సంగతి సరేనమ్మా, మా ఆడదానికేటయినాది?” అన్నాడతను.

నేను వెనక్కి తిరిగి ఆపరేషన్ గది తలుపు వైపు చూశాను.

“డాక్టరమ్మ ఏటన్నాది? సెప్పవేటి?” అంది ముసలమ్మ.

సింహాచలం నా ముఖం చూసి “పోయినాదే అమ్మా!” అంటూ కూలబడ్డాడు. నాడి ఆడుతోందని, ఊపిరి ఉందని, డాక్టరమ్మ మాటే నాకు అర్థం కాలేదని, అడిగి వస్తానని చెప్పాను. ముసలమ్మ అప్పటికే కోడల్ని తలుచుకుని శోకాలు మొదలుపెట్టింది.

లోపలికి వెళ్ళి, కమ్ టు అంటే ఏమిటని అడిగాను. కమ్ టు అంటే కమ్ రౌండ్ అంది డాక్టరమ్మ. చుట్టూ తిరిగి రావడమా? నా అయోమయం చూసి ఆమే వరండాలోకి వచ్చింది. అరచేతిలో చెంప ఆన్చి కళ్ళు మూసుకుంది. ముసలమ్మ ఏడుపు రెట్టింపయింది. డాక్టరమ్మ చటుక్కున కళ్ళు తెరిచి, నిటారుగా నిలబడి నవ్వింది. ఏడుపు ఆగింది.

“మత్తులో ఉన్నాదా? తెలివి రానేదా ఇంకా?” అన్నాడు సింహాచలం.

అప్పుడు తెలిసింది నాకు, కమ్ టు అన్నా కమ్ రౌండ్ అన్నా తెలివి రావడమే. మిగతా రెండూ డాక్టరమ్మను అక్కడే అడిగేశాను. కేమ్ ఆఫ్ అంటే ఆపరేషన్ సక్రమంగా జరిగిందని, కమ్ త్రూ అంటే గండం గట్టెక్కుతుందని చెప్పింది. అదే మాట వాళ్ళకు చెప్పాను.

మధ్యాహ్నానికి అప్పలనరసమ్మ కళ్ళు తెరిచింది. పక్కనున్న బిడ్డను చూసి, “ఈ పిల్లెవరిదమ్మా?” అని అడిగింది.

తర్వాత నా కింద శిక్షణకు వచ్చిన నర్సులకు ఒకటే చెప్పేదాన్ని. డాక్టరు మాట అర్థం కాకపోతే గది దాటక ముందే మళ్ళీ అడగండి. బయట ఉన్నవాళ్ళు మన మాట కోసం ఆగరు, ముఖం చూసి నిర్ణయించేసుకుంటారు.