మా మేనమామ మద్రాసుకు మోసిన కథ

మా మేనమామ పోయాడన్న కబురు నాకు లింగంపల్లి స్టేషనులో అందింది. నార్సింగి నుంచి బండి కట్టుకొచ్చిన మనిషి ముందు ఎద్దులకు గడ్డి వేశాడు, నా పెట్టె బండిలో పెట్టాడు, అప్పుడు చెప్పాడు. మూడు రోజుల జ్వరమట. బండి గచ్చిబౌలి దాటింది. దారికి రెండు పక్కలా జొన్న కోసిన చేలు పొగమంచులో తేలుతున్నట్టు ఉన్నాయి.

మామ రెండెకరాల రైతు. ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివి, తెలుగు తనంతట తాను నేర్చుకున్నాడు. నాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఆయన రాసిన ఒక కథను మద్రాసులోని పెద్ద స్టూడియో సినిమాగా తీసింది. మీలో కొందరు చూసే ఉంటారు. రాసిన మనిషి ఎట్లాంటివాడో చెబుదామని ఈ నాలుగు మాటలు.

కాగితం మీద పెట్టేముందు ఆయన కథను పనిచేసేవాళ్లకు చెప్పేవాడు. ఎండాకాలం మా అత్త కూలి ఆడవాళ్లతో చింతపండు గింజ తీయిస్తుంటే వాళ్ల మధ్య కూర్చుని మొదలుపెట్టేవాడు. వాళ్ల మొహాలు చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. చేతులు ఆగిన ముక్క ఉంచేవాడు. ఆడుతూనే ఉంటే తీసేసేవాడు.

"నోరు మంచిగున్నదంటది రా. చేతులు అబద్ధం చెప్పయి," అనేవాడు.

"నువ్వు జర అవతలికి పో," అనేది అత్త. "నువ్వు గిట్ల కూసుంటే ఈ చింతపండు దసరా దాంక ఒడవది."

ఆ కథ చిన్నది. ఎద్దులతో నీళ్లు తోడే ఒకే మోటబావి మీద బతికే అన్నదమ్ములు. వాళ్ల మధ్య మాటల్లేవు, నీళ్ల వంతులే ఉన్నాయి. బావి అడుగంటిన ఎండాకాలంలో, తమ్ముడు తన వంతు రోజున నీళ్లు తోడి అన్న మడికి మళ్లిస్తాడు. అంతే.

పోస్టులో పంపితే రెండుసార్లు తిరిగొచ్చింది. రాజ్యం మారి, మన వైపు గొడవలు సద్దుమణిగాక మామే బయలుదేరాడు. తోడు నేను వెళ్లాను. ఆ ప్రయాణం నాకిప్పుడు నిద్రలో చూసినట్టే ఉంది. స్టూడియో గేటు దగ్గర తొమ్మిది రోజులు నిలబడ్డాం. కిరీటాలు పెట్టుకున్నవాళ్లు మా ముందే బీడీలు కాల్చుకునేవారు. ఒక ఏనుగు లోపలికి నడిచి వెళ్లింది, మళ్లీ కనబడలేదు. పదో రోజు యజమాని కారు ఆపి, "ఎవరండీ మీరు? రోజూ కనిపిస్తున్నారు," అని లోపలికి పిలిపించాడు.

చల్లని గది. యజమానీ మరో నలుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. మామ నోరు తెరిచి, మూసుకున్నాడు.

"ఏమైందండీ?" అన్నాడు యజమాని.

"ఈడ ఎవలూ ఏం పని చేస్తలేరు సారూ. నాకు కథ వస్తలేదు. జర పని నడిచే కాడికి పోదాం."

అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వి, సరదాకే కాబోలు, లేచాడు.

వడ్రంగులు సెట్టు కట్టే షెడ్డుకు వెళ్లాం. ఆ చప్పుడులోనే మామ మొదలుపెట్టాడు. కాసేపటికి ఒక రంపం ఆగింది. తర్వాత సుత్తెలు. పైకప్పు సందుల్లోంచి పడే ఎండలో రంపపు పొట్టు మెల్లగా దిగుతోంది. కథ అయిపోయినా అది దిగుతూనే ఉంది.

"బాగుందండీ, తీద్దాం," అన్నాడు యజమాని. "కానీ చివర్లో తమ్ముడు బావిలో పడి చనిపోవాలి. జనం ఏడవాలి కదా."

"వాడు సస్తే మోట ఎవరు కొట్టాలె సారూ? అన్న మడి ఎట్ల తడుస్తది?"

"సినిమాలో మడి తడవక్కర్లేదండీ."

"కథల తడవాలె." మామ తువ్వాలు దులిపి లేచాడు.

"ఒప్పుకో మామా. మల్ల ఈ గేటు దాటనిస్తరా?" అని చెవిలో అన్నాను. ఆయన వినిపించుకోలేదు. అప్పుడు నెల్లూరు వైపు ముసలి వడ్రంగి ఒకాయన, "ఆ తమ్ముణ్ణి ఉండనియ్యండి బాబూ," అన్నాడు. యజమాని ఆగిన రంపాల వంక చూశాడు.

"సరే, చూద్దాం."

ఆ 'చూద్దాం' పట్టుకుని, నన్ను ఊరికి పంపేసి, మామ రెండు నెలలు మద్రాసులో ఉండిపోయాడు. తిరిగొచ్చాక అడిగాను: "తమ్ముడు బతికిండా మామా?"

"రెండు తీర్ల తీసిన్రు. ఏది పెడ్తరో వాళ్లకే ఎరుక."

అంతకంటే చెప్పలేదు. ఆ ఏడాదంతా కలుపు తీస్తూ తీస్తూ ఆగిపోయేవాడు.

"ఏంది, మల్ల మద్రాసు పోయినవా?" అనేది అత్త.

"పోయిన," అనేవాడు.

ఏది పెట్టారో తెలియకుండానే పోయాడు. దినాలు అయ్యేసరికి సినిమా మన పట్నానికి వచ్చింది. "ఆ తమ్ముడు బతికిండో లేదో చూసి రా," అని అత్తే నన్ను పంపింది.

పాటలు చాలా పెట్టారు. పొలంలో అన్న పెళ్లానికి పట్టుచీర కట్టారు. చివరికి బావి వచ్చింది. తమ్ముడు గట్టెక్కాడు. నేను కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను. అతను పడలేదు. ఎద్దులు వాలులోకి నడిచాయి, మోట పైకొచ్చింది, నీళ్లు అన్న మడి వైపు తిరిగాయి. ఇక మోట మళ్లీ దిగాలంటే ఎద్దులు తిరగకుండా, అట్లాగే వెనకడుగులతో బావి దగ్గరికి రావాలి. పిలవడం తెలిసిన మనిషి లేనిదే ఏ ఎద్దూ అట్లా రాదు. వేషగాడు అటు తిరిగి ఉన్నాడు. తెర మీద కనబడని చోటు నుంచి మా మామ గొంతు సాగదీసి పిలిచింది.

"ఎనక్కి రా... నాయనా... ఎనక్కి రా..."

ఎద్దులు రెండూ తలలు ఊపుకుంటూ, ఆ తెల్లని వెలుగులో ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, చీకట్లో కూర్చున్న మా వైపు వస్తున్నాయి.